గడప బయటి జయుడు

సిరిసిల్ల,
మే నెల చివర

బామ్మర్ది బాలమల్లుకు బావ పరశురాములు రాయునది.

చేతిలో ఫోను ఉండగా ఈ కాలంలో ఉత్తరం రాసేవాడు ఎవడని నవ్వుకుంటావని తెలుసు. మీ జైనూర్‌లో సిగ్నల్ ఎప్పుడుంటుందో ఆ గుట్టలకే తెలియాలి. ఉన్నా నేను ఫోనులో మాట్లాడితే అరుస్తానట. ఇది మీ అక్క దేవవ్వ మాట. "రాసుకో. పెన్ను దొరికేదాక నీ కోపం సగం సల్లారుతది" అంది. పెన్ను దొరికింది గానీ కోపం చల్లారలేదు.

బాగోతం బాగా జరిగింది. నరసింహ జయంతికి మన భజన మండలి ప్రహ్లాదుడి ఆట ఆడడం మా బాపు కాలం నుంచీ ఉన్నదే కదా. ఈసారి కూడా హిరణ్యకశిపుడిని నేనే, నరసింహుడు కైలాసం. స్తంభం పగిలినప్పుడు ముందు వరస ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. నువ్వు పెళ్లి చేసుకుని అక్కడ బట్టల దుకాణం పెట్టుకున్నప్పటి నుంచి నీ హిరణ్యాక్షుడి వేషం ఎవరికీ కుదరడం లేదు. ఈసారి ఒక బక్కోడికి కడితే కిరీటం మెడలోకి జారింది.

ఇక అసలు సంగతి. నా బిడ్డ ప్రవళిక ఇంట్లో లేదు. కరీంనగర్‌లో నర్సు చదువు చదివిన రోజుల్లో తోటి పిల్లతో కలిసి ప్రార్థనలకు పోయేదని నాకు కొంచెం కొంచెం తెలుసు. బాప్తిస్మం తీసుకుందని మాత్రం ఆటకు ముందు రోజే తెలిసింది. నేనొక మాట అన్నాను, తనొక మాట అంది, వెళ్లిపోయింది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

అక్కడికి వచ్చి ఉంటే నాకు చెప్పొద్దు. రాకపోతే మాత్రం వెంటనే చెప్పు.

ఎండలు మండుతున్నాయి. నేను వాకిట్లోని సాంచెల షెడ్డులోనే, మరమగ్గాల పక్కనే పడుకుంటున్నాను. కరెంటు పోతే మగ్గాలు ఆగుతాయి, అప్పుడు కొంచెం గాలి కూడా ఆడుతుంది.

నీ బావ


జైనూర్,
జూన్

బావకు బాలమల్లు నమస్కారాలు.

నువ్వు చెప్పొద్దన్న సంగతి నేను చెప్పను. కాబట్టి మా ఇంట్లో బియ్యం ఎందుకు తొందరగా అయిపోతున్నాయో, మా ఇంటామె సత్తమ్మ ఆదివారం పూట ఎవరి తలకు నూనె పెడుతోందో నువ్వు అడగొద్దు. ఇక్కడి దవాఖానాలో ఒక కొత్త నర్సమ్మ చేరింది. గుట్టల మీది గూడేల నుంచి వచ్చే బాలింతలు ఆమెను వెతుక్కుని మరీ వస్తున్నారు. దుకాణానికి వచ్చినవాళ్లు గోండీలో కొంత, మరాఠీలో కొంత ఆమెను పొగుడుతుంటే, ఎవరి పిల్లో తెలియనట్టు నేను గుడ్డ కొలుస్తూ కూర్చుంటున్నాను.

ఆ నర్సమ్మ నవ్వడం మాత్రం లేదు. ఇంటి మాట ఎత్తితే బిందె తీసుకుని నీళ్లకు పోతుంది. నిండిన బిందె తీసుకుని పోయిన రోజు కూడా ఉంది.

నీ ఉత్తరంలో స్తంభం పగలడం ఉంది, కిరీటం జారడం ఉంది. ఆ మర్నాటి పొద్దు సంగతి లేదు. వైకుంఠం వాకిలి కాసిన జయుడే శాపం తగిలి హిరణ్యకశిపుడై పుట్టాడు కాబట్టి, ఆ వేషం కట్టినవాడి మీద కూడా శాపం ఉంటుందని మనవాళ్ల నమ్మకం. ఆట అయ్యాక రంగు కడుక్కోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి రావాలి. గడప బయట నిలబడాలి. ఇంటి బిడ్డ చెంబెడు నీళ్లు తల మీద పోసి, "జయా, నీ శాపం తీరింది, లోపలికి రా" అనాలి. మాటలు సరిగా రాని వయసు నుంచీ నీకు ఆ నీళ్లు పోసింది ప్రవళికే. ఈసారి ఎవరు పోశారు బావా?

అడిగానని కోపం చేయకు. ఇక్కడివాళ్లూ చెప్పడం లేదు, అక్కడివాళ్లూ చెప్పడం లేదు. మధ్యలో నేను పరేషాన్ అవుతున్నాను.

బాలమల్లు


సిరిసిల్ల,
జులై

బామ్మర్దీ,

ఉత్తరం అందింది. మీ ఇంటికి ఎవరొచ్చారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. వంకాయ తింటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. సత్తమ్మకు చెప్పి పెట్టు. ఎవరి గురించీ కాదు, మాటవరసకు రాశాను.

నీళ్ల సంగతి అడిగావు. ఆ రోజు చెంబు ఒలికిపోయింది, అంతే. ఆట అన్న తర్వాత అటూ ఇటూ కావడం ఉంటుంది. దాన్ని పట్టుకుని నువ్వు పోలీసు లాగా ఆరా తీయకు.

వానలు మొదలయ్యాయి. ఇంట్లో దోమలు ఎక్కువయ్యాయని నేను ఇంకా షెడ్డులోనే పడుకుంటున్నాను. మీ అక్క బాగుంది.

పరశురాములు

తమ్మీ, మీ బావ కవరు అంటియ్యమని నాకిచ్చిండు. సదివిన. అన్ని అబద్దాలే. దోమలు షెడ్ల ఉంటయా ఇంట్ల ఉంటయా నువ్వే చెప్పు. బాగోతం అయిన పొద్దటి సంది ఆయన గడప లోపల కాలు వెట్టలే. అన్నం వాకిట్లకే, మంచం షెడ్లకే. ఆ పొద్దు పొల్ల చెంబు వట్టుకొని నిలవడ్డది. ఆటకు ముందటి రాత్రంత కొట్లాడుకున్నరు గదా, నువ్వు పోకు బిడ్డా అన్న. "బాపుకు నీళ్లు నేనే పోస్తనే అవ్వా" అన్నది. మీ బావ రంగు మొకంతోనే వచ్చిండు. నీళ్లు పోయనియ్యలే. "ఎవలి పేరు మీద పోస్తవే? నీ దేవుడు ఏడున్నడు?" అని అడిగిండు. గల్లి అంత వింటుండ్రు. పొల్ల చెంబు గడప మీద వెట్టింది. "అంతట ఉన్నడు బాపూ. గీ గడపల గూడ ఉన్నడు" అన్నది. చెంబును కాలుతోని తన్నిండు. "నా గడప తొక్కకు" అన్నడు. అది కట్టుబట్టలతోని బస్టాండుకు పోయింది. పక్కింటి లస్మవ్వ మనుమరాలితోని నీళ్లు పోయిస్త అంటే ఈయన ఒద్దంటుండు. వానకు దగ్గు వట్టింది. నేనేం జేతు తమ్మీ? - అక్క


జైనూర్,
ఆగస్టు

బావకు,

అక్క కింద రాసిన నాలుగు ముక్కలూ చదివాను. ఆమె మీద కోపం చేయకు. నీ ఉత్తరాన్ని సత్తమ్మకు చదివి వినిపించాను. వంటింట్లో ఇంకొకరు వింటున్నారని తెలిసే గట్టిగా చదివాను. ఇంక దాచడం ఎందుకు, ప్రవళికే. చేతులకు పిండితోనే బయటికి వచ్చింది. "బాపు వానల బయట పంటుండా?" అని అడిగింది. దానికి ఆ సంగతి తెలియదు బావా. నువ్వు మామూలుగా లోపలికి పోయి హాయిగా ఉన్నావనుకుంది.

నీళ్లు పోద్దామనే నిలబడిందట. ఆ మాటలు అనకుండా, ఊరికే పోసేద్దామనుకుంది. నువ్వు అడగకపోతే ఎవరూ గమనించేవాళ్లు కారంది.

ఆ సాయంత్రం కూర్చోబెట్టుకుని మాట్లాడాను. జయవిజయుల లాంటివాళ్లు మీ పుస్తకంలో ఉన్నారా బిడ్డా అని అడిగాను. ఉన్నారంది. దేవుడి దగ్గరే వెలుగుతూ ఉన్న దూత ఒకడు, వేకువ చుక్క లాంటివాడు, నేనే గొప్ప అనుకున్నాడట. కొందరు దూతలను వెంటేసుకుని తిరగబడితే అందరినీ కిందికి తోసేశారు. మళ్లీ పైకి ఎప్పుడు పోతారని అడిగాను. మనవాళ్లకు మూడు జన్మలని ఒక గడువు ఉంది కదా. "పోరు మామా. వాళ్లకు తిరిగి పోవుడు లేదు" అంది.

అని ఊరుకోలేదు. "మామా, మా ఇద్దరిల కింద పడ్డది ఎవరు? బాపునా, నేనా?" అని అడిగింది. సత్తమ్మ అన్నం పెట్టి ఆ మాట తప్పించింది.

లోపలికి పో బావా. లస్మవ్వ మనవరాలు పోస్తేనేం, నీళ్లు నీళ్లే కదా.

ఇంకో సంగతి ఉంది. అది ఖాయమయ్యాక రాస్తాను.

బాలమల్లు


సిరిసిల్ల,
సెప్టెంబరు

బాలమల్లూ,

అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నా ఉత్తరాన్నే నా మీదికి తోలారు. ఇకపై కవరు నేనే అంటించుకుంటాను.

తెలిసిపోయింది కాబట్టి చెబుతున్నాను, బయటే ఉంటున్నాను. కైలాసం కూడా వచ్చి తన మనవడితో నీళ్లు పోయిస్తానన్నాడు. ఎవరి పిల్లాడికో చాక్లెట్ చేతిలో పెట్టి తీర్పించుకుంటే అది శాపమా, సర్కస్సా? వద్దన్నాను.

ఆ దూత సంగతి చదివాక మగ్గం దగ్గర నా చేయి ఆడలేదు. పోగులు తెగినా చూసుకోలేదని నూలు ఇచ్చే సేటుతో మాట పడ్డాను. అదేం దర్బారు, తోసేయడమే గానీ పిలవడం తెలియనిది? మన స్వామి అట్లా చేయలేదు. భక్తులై ఏడు జన్మలు దూరంగా ఉంటారా, పగవాళ్లై మూడు జన్మలా అని అడిగాడు. తొందరగా ఇల్లు చేరొచ్చని వాళ్లు పగనే కోరుకున్నారు. లోకానికి హిరణ్యకశిపుడు రాక్షసుడు, నాకు మాత్రం ఇంటి దారి పట్టినవాడు. ఇన్నేళ్లూ ఆ వేషం నేను అట్లాగే కట్టాను. పొల్ల చిన్నగా ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఈ మాటే చెప్పాను. అది పట్టుకున్న పుస్తకం కంటే దాని బాపు చెప్పిన కథలోనే దయ ఎక్కువుందని దానికి చెప్పు.

ఇంతవరకు రాసి మొన్న ఆపేశాను. మిగిలింది ఈ రోజు రాస్తున్నాను, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. ఆ పొద్దున నేను అట్లా అడిగినప్పుడు వేషం ఇంకా దిగలేదని గల్లీవాళ్లంతా అనుకున్నారు. మీ అక్క కూడా అట్లాగే అనుకుని నన్ను కడుపులో పెట్టుకుంటోంది. వేషం స్తంభం దగ్గరే దిగిపోయింది బాలమల్లూ. ఇంటికి వస్తుంటే కాళ్లు గుంజాయి, ఆకలయింది, ఎవరైనా చాయ్ పోస్తే బాగుండుననిపించింది. రాక్షసుడికి చాయ్ ఎందుకు? గడప ముందు నిలబడి అడిగింది నేనే. తన్నింది నా కాలే. అందుకే ఎవరి నీళ్లకూ ఇది పోదని నాకు భయంగా ఉంది.

దగ్గు తగ్గలేదు. రాయకుండా ఆపిన సంగతి ఏమిటో రాయి.

పరశురాములు


జైనూర్,
అక్టోబరు

బావా,

ఆ సంగతి ఖాయమయింది. ప్రవళిక కువైట్ పోతోంది. ఒక ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మను చూసుకునే పని. జగిత్యాల ఏజెంటు పాస్‌పోర్టు తీసుకున్నాడు, వీసా వస్తే దీపావళి దాటాక ప్రయాణం. ఇక్కడ బాగానే ఉన్నావు కదా బిడ్డా అంటే, "ఈడ ఉంటే మా ఊరికి పోయే బస్సు రోజూ కనవడుతది మామా" అంది. ఇక్కడి నుంచి నేరుగా హైదరాబాద్ పోతుంది. మీ ఊరి మీదుగా పోదు. ఒకసారి పోయినవాళ్లు ఎన్నేళ్లకు వస్తారో మన ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు.

నువ్వు ఉత్తరం పొడుగునా హిరణ్యకశిపుడి గురించే రాశావు. జయుడిని మర్చిపోయావు. మనం మీసాలు రాని వయసులో ఉన్నప్పుడు ఆటకు ముందొక రంగం ఉండేది. జనం అన్నాలు తిని వచ్చేసరికి అది అయిపోతోందని కైలాసం వాళ్ల బాపు దాన్ని ఎత్తేశాడు. నువ్వు జయుడు, నేను విజయుడు. సనకసనందనాదులు నలుగురూ స్వామిని చూడ్డానికి వస్తారు. ఎంత పెద్ద మునులైనా చూపుకు ఐదేళ్ల పిల్లలు, ఒంటి మీద బట్ట కూడా ఉండదు. మీ అవతారమేంది, మీ తీరేంది, లోపలికి పోవద్దని మనం కట్టెలు అడ్డం పెడతాం.

శాపం దానికి తగిలింది బావా. ప్రహ్లాదుడిని ఏనుగులతో తొక్కించినందుకు కాదు, నిప్పుల్లో వేసినందుకు కాదు. అవన్నీ తర్వాత వచ్చాయి. వాకిట్లోకి వచ్చిన పిల్లలను ఆపినందుకు తగిలింది.

నీ శాపం ఇంకా తీరలేదని నువ్వు షెడ్డులో కూర్చున్నావు. నాకు చూస్తే అది ఆ పొద్దున్నే, ఆ గడప దగ్గరే కొత్తగా తగిలినట్టుంది. నీకంటే చిన్నవాడిని, పెద్ద మాట అన్నాను. తిట్టాలనుకుంటే తిట్టు గానీ తొందరగా తిట్టు. వీసా మన కోసం ఆగదు.

బాలమల్లు


జైనూర్,
అక్టోబరు చివర

బాపూ,

ఈ ఉత్తరం చింపేస్తావేమో. చింపే ముందు ఇంతవరకైనా చదువు. ఇన్ని నెలల దగ్గును ఊరికే వదిలేయకూడదు. మగ్గాల దగ్గరి నూలు నూగు రాత్రీ పగలూ నీ ఛాతీలోకి పోతోంది. ముక్కుకు గుడ్డ కట్టుకో. దవాఖానాకు పోయి ఛాతీ ఫోటో తీయించుకో. అవ్వను వెంట తీసుకుపో, నువ్వు ఒక్కడివే పోతే ఏమీ లేదన్నారని చెప్పి వస్తావు.

నేను చెప్పిన దూతల మాటకు నీకు కోపం వచ్చిందట. మామకు నేను సగమే చెప్పాను. తిరిగి రావడం లేనిది ఆ దూతలకు. మనుషులకు ఉంది. నేను దాన్ని నమ్ముకునే ఇందులోకి వచ్చాను. నువ్వు ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పినదాంట్లో కూడా నాకు నచ్చింది అదే.

ఆ రోజు నీళ్లు నిజంగానే పోద్దామనుకున్నాను. ఆ మాటలు మాత్రం నా నోటికి రావు. నమ్మకుండా అంటే నీ ఆటను వెక్కిరించినట్టు ఉంటుంది. అట్లా చేయలేను. దాని వల్ల నువ్వు బయట ఉన్నావని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. దీనికి వేరే దారి ఏదైనా ఉంటే చెప్పు, చేస్తాను.

పోయే ముందు ఒకసారి ఇంటికి రావాలని ఉంది. వస్తే పొద్దున, మాపు ప్రార్థన చేసుకుంటాను. నీకు తెలియకుండా దాచి చేసుకోవడం ఇక నా వల్ల కాదు. "నా గడప తొక్కకు" అన్న మాట ఇంకా అట్లాగే ఉందా బాపూ? ఉంటే ఉందని రాయి. ఏడ్చినా ఇక్కడే ఏడ్చి పోతాను.

ప్రవళిక


సిరిసిల్ల,
నవంబరు

బిడ్డా ప్రవళికా,

నీ ఉత్తరం చింపలేదు. మడతలు నలిగిపోయేదాకా చదివాను. మీ మామకు ఇన్ని రాశాను గానీ నీకు ఒక్కటి రాయడం నాకు చేత కాలేదు. ముందు దగ్గు సంగతి. మీ అవ్వతోనే పోయాను, ఫోటో తీశారు. ఛాతీలో నిమ్ము ఉందని మందులు రాశారు. అబద్ధమనుకుంటే అవ్వనడుగు.

మీ మామ రాసిన ఆ మొదటి రంగం గురించి నీకు చెప్పే ఉంటాడు. చదివి వాడిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక రంగం గుర్తుకొచ్చింది. కట్టె అడ్డం పెట్టింది నేనే. వాకిలి కాసేవాడి పని అదే కదా, ఇందులో తప్పేముందని అప్పట్లో వాదించేవాడిని కూడా. ఆ రంగం చివర, బయట పిల్లల గొంతులు విని స్వామి లోపల కూర్చోడు. ఎవరినీ పంపించడు. లేచి తనే వాకిలిదాకా నడిచి వస్తాడు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడిని, ఆయన ఎందుకు నడిచి వచ్చాడో ఎన్నడూ ఆలోచించలేదు.

ఇన్ని నెలలు నువ్వు వచ్చి నన్ను లోపలికి పిలవాలని చూశాను. నిన్ను పంపించింది నేను, పిలవాల్సింది నువ్వట. బయట కూర్చున్నవాడు ఎవరికి తలుపు తీస్తాడు బిడ్డా? అందుకే మొన్న మధ్యాహ్నం లోపలికి పోయాను. నీళ్లు ఎవరూ పోయలేదు, జయా అని ఎవరూ అనలేదు. గడప ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆటలో కొలువుదీరి అంత గద్దించేవాడిని, నా ఇంట్లోకి పోవడానికి జంకాను. మీ అవ్వ చాటలో కందిపప్పు ఏరుతోంది. తల ఎత్తలేదు. "కాళ్లు కడుక్కున్నవా?" అంది. మళ్లీ వెనక్కి పోయి కడుక్కుని వచ్చాను. అప్పుడు ఏడ్చింది.

శాపం నా మీద ఉందో పోయిందో నాకు తెలియదు. ఉంటే ఉండనీ. ఆనవాయితీ తప్పినవాడికి ఇక వేషం ఇచ్చేది లేదని కైలాసం నలుగురిని వెంట తెచ్చి చెప్పి పోయాడు. మా బాపు కట్టిన వేషం, ఆయన తర్వాత నేను కట్టిన వేషం. నీకు అబద్ధం రాయడం ఎందుకు, బాధగానే ఉంది.

నీ దేవుడు నాకు నచ్చాడని నేను రాయలేను. నువ్వు ప్రార్థనకు కూర్చుంటే ముఖం చిట్లిస్తానేమో, గొణుగుతానేమో. ఇన్నేళ్ల నోరు ఒక్క పూటలో బాగుపడదు. కువైట్ పోవడం, మానడం నీ ఇష్టం. పోయినా ఈ ఇంట్లో తిని ఇక్కడి నుంచి పో, బస్సు దాకా నేను వస్తాను.

గడప గురించి అడిగావు. గల్లీ అంతా విన్న మాటను వెనక్కి తీసుకోవడం నాకు రాదు. దాని బదులు ఇంకో మాట ఇస్తున్నాను. నువ్వు వచ్చాక నాకు కోపం వస్తే బయటికి పోయేది నేను. నువ్వు లోపలే ఉండు.

నీ బాపు